ఈతచెట్టు తరఫున నాలుగు మాటలు

(వజ్రకరూరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో భోజన విరామం తర్వాత చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల సంగతి, వైద్య ఖర్చుల బిల్లుల సంగతి, లైఫ్ సర్టిఫికెట్ల సంగతి పొద్దున్నే వివరంగా చర్చించుకున్నాం. వాటి గురించి మళ్లీ చెప్పి మీ భోజనం అరగకుండా చేయదలచుకోలేదు. అధ్యక్షుల వారు నన్ను పిలిచి, "తిన్న తర్వాత ఎవరూ కునుకు తీయకుండా ఏదైనా చెప్పండి" అన్నారు. అది కష్టమైన పనే. అందుకని మన మధ్య ఇంకా తెగని ఒక తగవును సభ ముందు పెడుతున్నాను. తగవంటే మనవాళ్లకు నిద్ర రాదు గదా!

ఆ తగవు పోయిన ఎండాకాలంలో మొదలైంది. సాయంత్రం పూట మేం నలుగురైదుగురం వేపచెట్టు కింద అరుగు మీద కూర్చోవడం మీకు తెలుసు. ఒకరోజు మా తెలుగు పండితుల వారు ఊరికి వెళ్లి వస్తూ ఒక సంచి నిండా తాటిముంజలు తెచ్చారు. వేలితో పొడిచి నీళ్లు జుర్రుకుంటూ ఆయన, "చెట్లలోకెల్లా గొప్ప చెట్టు తాటిచెట్టే" అన్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. "ఎట్లా గొప్పది?" అన్నాడు గుంతకల్లు రైల్వే మిత్రుడు. అక్కడి నుంచి మూడు సాయంత్రాలు గడిచాయి. ఒకరు కొబ్బరి అంటారు, ఒకరు ఖర్జూరం అంటారు, మా సైన్సు మాస్టారు ఎవరూ చూడని దేశాల చెట్ల పేర్లు చెబుతారు. అన్నీ ఒక్క కుటుంబపు చెట్లే. తాటి, ఈత, కొబ్బరి, వక్క, ఖర్జూరం, జీలుగ మొదలైనవన్నీ కలిపి ప్రపంచంలో ఈ కుటుంబంలో 2,500కు పైగా జాతులు ఉన్నాయి.

ముందు తాటిచెట్టు వాదం వినండి. పండితుల వారు అమరకోశం నుంచి మొదలుపెట్టారు. తాడికి అందులో 'తృణరాజు' అని పేరు, అంటే గడ్డికి రాజు. ఈ జాతి చెట్లన్నిటినీ కలిపి 'తృణద్రుమాలు' అన్నారు. చెట్టును పట్టుకుని గడ్డి అనడమేమిటని నవ్వబోతే సైన్సు మాస్టారు అడ్డం వచ్చి, "అమరసింహుడు చెప్పింది నిజమే" అన్నారు. గడ్డి, వరి, జొన్న, తాటి, ఈత అన్నీ ఏకదళ బీజాలే. వేపచెట్టును కోస్తే వలయాలు కనబడతాయి, వాటితో వయసు అంచనా కడతాం. తాటిని కోస్తే వలయాలుండవు, నార పోగులే ఉంటాయి. వేప మాను ఏటేటా లావెక్కుతుంది. తాటికి మాను లావు తొలి సంవత్సరాల్లోనే తేలిపోతుంది, ఆ తర్వాత పెరిగేదంతా ఎత్తే. పెరిగే చోటు కూడా ఒక్కటే, తల మీది మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. యూరప్‌లో మొక్కలకు పేర్లు పెట్టిన లిన్నేయస్ అనే ఆయన కూడా ఈ కుటుంబాన్ని 'రాజులు' అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచాడట. ఆయన అమరకోశం చదివి ఉండడు. కాబట్టి మిత్రులారా, తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాణ్ణి మనం ఇన్నాళ్లూ అన్యాయంగా ఎగతాళి చేశాం. శాస్త్రప్రకారం వాడు ఎక్కింది గడ్డే!

పండితుల వారి అసలు బలం అక్షరాల దగ్గర ఉంది. కాగితం రాకముందు మన భాషను మోసినది తాటాకే. లేత ఆకులను కోసి, ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నగా రుద్ది, గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పట్టించి, చిల్లుకు దారం గుచ్చి కట్టగా కట్టేవారు. ఆకు ఈనెల వెంట అడ్డగీతలు గట్టిగా గీస్తే చీలిపోతుంది కాబట్టే మన అక్షరాలు ఇంత గుండ్రంగా వచ్చాయని చెప్పే పండితులున్నారు. కడపలో ఉండి సి.పి. బ్రౌన్ దొర కూడబెట్టిన తెలుగు గ్రంథాలలో ఈ తాటాకు ప్రతులెన్నో. మాటల్లో కూడా తాటాకు దాగి ఉంది. కమ్మ అంటే తాటాకు, కమ్మ అంటే ఉత్తరం, చెవికి పెట్టుకునే నగా కమ్మే. ఒకప్పుడు చుట్టిన తాటాకునే చెవికి పెట్టుకునేవారు, తర్వాత అది బంగారం అయినా పేరు మారలేదు. మన తాడిపత్రి పేరులో ఉన్నది కూడా తాడేనని పెద్దలు చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు తాటిచెట్లను కావలించుకుని ప్రాణాలు దక్కించుకున్నవాళ్లున్నారు. "ఇంతకంటే గొప్ప ఏముంటుంది?" అని పండితుల వారు ముంజ నోట్లో వేసుకున్నారు.

రైల్వే మిత్రుడు ఉద్యోగరీత్యా కోస్తా అంతా తిరిగినవాడు. ఆయన టెంకాయ తరఫున నిలబడ్డాడు. "దేవుడి ముందు తాటికాయ కొట్టినవాణ్ణి ఎవరినైనా చూపించండి" అన్నాడు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. తాగడానికి నీళ్లు, తినడానికి కొబ్బరి, తలకు నూనె, తాడుకు పీచు, పొయ్యిలోకి చిప్ప, కప్పుకు మట్ట, ఊడ్చడానికి ఈనెలు. పారేసేది ఒక్కటీ లేదు. సముద్రంలో పడ్డ కాయ కొట్టుకుపోయి ఇంకో ఒడ్డున మొలకెత్తగలదు. కాకపోతే దానికీ కష్టాలున్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను కొట్టినప్పుడు కొబ్బరితోటలు నేలకొరిగాయి. కూలిన వరి మళ్లీ కారుకు వస్తుంది. కూలిన కొబ్బరితోట స్థానంలో ఇంకో తోట కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆయన ఆ సంగతి చెబుతూ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతి రోజుల్లో ఆయన ఆ దారిలో డ్యూటీ చేశాడట.

మా పోస్టాఫీసు మిత్రుడి కూతురు గల్ఫ్‌లో ఉంటుంది. ఆయన ఖర్జూరం తప్ప ఇంకోటి ఒప్పుకోడు. ఆయన చెప్పిన ఒక్క సంగతికి అందరం నోరు మూసుకున్నాం. ఇజ్రాయెల్‌లో మసాదా అనే పాత కొండకోట ఉంది. 1960లలో అక్కడ తవ్వకాలు జరిపితే ఖర్జూరపు గింజలు దొరికాయి. వాటి వయసు సుమారు 2,000 ఏళ్లు. నలభై ఏళ్లు సొరుగులో పడి ఉన్న వాటిలో ఒక గింజను 2005లో నాటితే మొలకెత్తింది, చెట్టయింది! మెథూసెలా అని పేరు పెట్టారు. "మన పెన్షన్ ఫైలు కూడా అట్లాగే ఎప్పటికైనా మొలుస్తుంది" అన్నాడు రైల్వే మిత్రుడు. ఖర్జూరం ఎడారి దేశాలకే పరిమితం అనుకోకండి. ఇటీవలి ఏళ్లలో మన జిల్లా రైతులు కూడా బర్హీ రకం ఖర్జూరం తోటలు వేశారు. పాత అనంతపురం జిల్లా దక్షిణాన మడకశిర వైపు పోతే వక్కతోటలూ కనబడతాయి. కరువు జిల్లా అని మనమే చిన్నబుచ్చుకుంటాం గానీ, ఈ కుటుంబపు చెట్లు మన దగ్గర తక్కువేమీ లేవు.

ఇక సైన్సు మాస్టారు. ఆయన కొలత బద్ద పట్టుకుని కూర్చున్నారు. "గొప్ప అంటే ఏమిటో ముందు తేల్చండి. ఎత్తా? ఆకా? గింజా? పువ్వా?" అన్నారు. ఎత్తయితే కొలంబియా కొండల్లో పెరిగే మైనపు తాటి. దాని ఎత్తు 60 మీటర్ల దాకా పోతుంది, అంటే మన తాటికి రెండింతలు. ఆ దేశం 1985లో చట్టం చేసి దాన్ని జాతీయ వృక్షం చేసుకుంది. ఆకయితే ఆఫ్రికాలోని రాఫియా. ఒక్క ఆకే 25 మీటర్ల దాకా పెరుగుతుంది. ఈ సభ జరుగుతున్న హాలులో అది పట్టదు. గింజయితే సీషెల్స్ దీవుల్లోని జంటకొబ్బరి. లోకంలో అన్ని మొక్కల గింజల్లోకీ అదే పెద్దది, ఒక్కటి 15, 20 కిలోలు కూడా తూగుతుంది. కోల్‌కతా దగ్గర హౌరా వృక్షోద్యానంలో ఆ జాతి ఆడచెట్టు ఒకదాన్ని 1894లో నాటారు. తోడుకు మగచెట్టు లేదు. పై దేశాల నుంచి పుప్పొడి తెప్పించి, శాస్త్రజ్ఞులు చేతితో అద్ది కాయ కాయించారు. ఈ ముక్క విని మా ఆవిడ, "పెళ్లి సంబంధాల కష్టం చెట్లకూ తప్పలేదన్నమాట" అంది.

పువ్వు సంగతికి వచ్చేసరికి మాస్టారి గొంతు మారింది. శ్రీతాళం అని ఒక చెట్టుంది. తాళపత్ర గ్రంథాల్లో పలచగా, మెత్తగా ఉండే మేలురకం ఆకు దానిదే. కేరళ వైపు దాన్ని గొడుగులకూ వాడేవారు. అది ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు, ఒక్కోసారి అరవై, డెబ్బై ఏళ్లు పువ్వనేది లేకుండా పెరుగుతుంది. సంపాదించినదంతా మానులో దాచుకుంటుంది. ఒక సంవత్సరం నడినెత్తిన ఒక పెద్ద పూలగుత్తి వేస్తుంది. ఆరేడు మీటర్ల గుత్తి, అందులో లక్షలాది పూలు. లోకంలో ఏ మొక్కకూ అంతటి పూలగుత్తి లేదు. కాయలు పండి రాలాక చెట్టు చచ్చిపోతుంది. బ్రెజిల్ దేశంలో రియో డి జనీరో ఉద్యానవనంలో 1960లలో నాటిన శ్రీతాళాలు 2025లో పూశాయి. వాటిని నాటించిన తోటల శిల్పి బర్లే మార్క్స్ 1994లోనే కాలం చేశాడు. ఆయన చూడని పూలను ఊరంతా వెళ్లి చూసింది. "జీవితమంతా దాచి ఒక్కసారి ఇచ్చేది గొప్పా, రోజూ కొంచెం కొంచెం ఇచ్చేది గొప్పా?" అని అడిగి మాస్టారు ఇంటికి వెళ్లిపోయారు. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్రపట్టలేదు. మా అందరికీ గ్రాట్యుటీ గుర్తొచ్చి ఉంటుంది.

మూడో సాయంత్రం నా వంతు వచ్చింది. నేను ఈతచెట్టు అన్నాను. అందరూ నవ్వారు. కారణం ఉంది. ఈత మన ఊరి చెట్టు. వంక గట్టున ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా, కంచె కట్టకుండా పెరిగేది. మేక కూడా ముళ్లకు భయపడి దూరంగా ఉంటుంది. తాటికి అమరకోశంలో రాజయోగం ఉంది, టెంకాయకు గుడి ఉంది, ఖర్జూరానికి రంజాన్ ఉంది. ఈతకేముంది? కల్లు అనే చెడ్డపేరుంది. అదీ సొంతం కాదు, ఆ పేరులో సగం వాటా తాటిది.

అయినా నా వాదన వినమని మనవి. వజ్రకరూరులో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి వజ్రంతో మొదలుపెడతాను. ఈ నేల కింద కింబర్లైట్ రాతి గొట్టాలున్నాయి. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో నుంచి తన్నుకుని పైకి వచ్చినవి. వాటిని గురించి చెప్పడానికే భూగర్భ సర్వే శాఖ వారు ఇక్కడ ప్రదర్శనశాల పెట్టారు. తొలకరి వాన పడిందంటే ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో తలలు వంచుకుని వజ్రాల కోసం వెదుకుతారు. మన చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. పొద్దుగూకేదాకా వెదికి ఏమీ దొరకనివాడు వంక పక్కన ఈతచెట్టు కింద రాలిన పండ్లు ఏరుకుని తిని ఇంటికి పోవడం కూడా చూశాం. వజ్రం దొరికినవాణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈతపండు దొరకనివాడు లేడు.

ఈ నేలకు సాలుకు సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు, ఆ మీద కొంచెం. రెండు ఋతుపవనాలూ మన దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి ఉంటాయి. అటువంటి చోట ఈత ఎట్లా బతుకుతుందో గమనించారా? అది మెట్ట మీద పెరగదు. వంక ఒడ్డు, చెరువు అలుగు, పల్లపు చేను గట్టు చూసుకుని పెరుగుతుంది. అంటే కింద తడి ఉన్న చోటు దానికి తెలుసు. ఈ సంగతి మన పూర్వులకూ తెలుసు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో దకార్గళం అని ఒక అధ్యాయం ఉంది. భూమిలో నీళ్లెక్కడున్నాయో చెట్లను, పుట్టలను, రాళ్లను బట్టి చెప్పే అధ్యాయం. నీళ్లు లేని చోట రెండు తలల ఖర్జూరి కనబడితే దానికి పడమట మూడు నిలువుల లోతున నీళ్లుంటాయని అందులో ఉంది. ఖర్జూరి అంటే ఈత జాతిదే. ఇందాక చెప్పాను, ఈ కుటుంబపు చెట్టుకు ఒక్కటే తల. రెండు తలలు రావడం చాలా అరుదు. అంత అరుదైన దాన్ని కూడా ఆయన చూసి రాశాడంటే, చెట్లను మామూలుగా చూసే మనిషి కాదు.

ఇంకొక సంగతి. వేపకు వలయాలుంటాయి, ఈతకు ఉండవన్నాను. కానీ గీసిన ఈతకు లెక్క ఉంటుంది. గీత కార్మికుడు తల కింద ఒక ఏడు ఒక పక్క గీస్తే, మరుసటి ఏడు రెండో పక్క గీస్తాడు. చెట్టు పెరిగేకొద్దీ ఆ గాట్లు కింద మిగిలిపోయి, మాను వంకరటింకరగా మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్లు కల్లు ఇచ్చిందో చెప్పొచ్చు. మన సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంట్లు రాసినట్టు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మనం కల్లు అని ముక్కు మూసుకునే ఈ నీరాతోనే బెంగాల్‌లో చలికాలంలో బెల్లం కాస్తారు. నొలెన్ గుడ్ అంటే అక్కడ పండగ. చెట్టు ఒక్కటే. దాన్ని ఒక ఊరు ఒక రకంగా చూస్తే, ఇంకో ఊరు ఇంకో రకంగా చూసింది.

ఇంతవరకూ చెప్పినదంతా వాదన. ఇప్పుడు చెప్పబోయేది వాదన కాదు. ఆ రోజు అరుగు మీద కూడా చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో రోడ్డు పని వచ్చింది. ఊరి పేరు, శాఖ పేరు వద్దు. రోడ్డుకు అడ్డం వచ్చే చెట్ల జాబితా రాసే పని నాది. చెట్టు పేరు, చుట్టుకొలత, విలువ అని గడులు గీసుకున్నాను. వేపకు విలువ రాశాను, చింతకు రాశాను, తుమ్మకు కూడా రాశాను. వంక దాటే చోట ఈతచెట్లున్నాయి, నలభై రెండు. వాటి ఎదురుగా 'విలువ లేనివి' అని రాశాను. ఎవరూ అట్లా రాయమనలేదు. కలప రాదు, వంటచెరకుకూ పెద్దగా పనికిరాదు, ఇంకేం రాయాలి అనుకున్నాను. పైవాళ్లు సంతకం పెట్టారు. వారం తిరక్కముందే చెట్లు పడిపోయాయి.

పడిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఒక అవ్వ చంకలో చాప చుట్ట పెట్టుకుని వచ్చింది. కొట్లాడటానికి వచ్చిందనుకున్నాను. ఆమె గొంతు కూడా పెంచలేదు. "సామీ, ఈ చెట్లకు విలువ ల్యేదని రాసినారంట గదా" అంది. అవునన్నాను. చాప నేల మీద పరిచింది. "ఇది దేంతో అల్లినానో సూడండి. రాసేముందు ఒక మాట మమ్మల్ని అడగల్ల గదా" అంది. అంతే. మళ్లీ చుట్టుకోబోయింది. నాకేం చేయాలో తోచలేదు. "చాప ఎంత అవ్వా?" అని అడిగాను. ఆమె నన్ను ఒక్క చూపు చూసి ధర చెప్పింది. ఇచ్చి తీసుకున్నాను. ఆమెకు బేరం దొరికిందని నేను అప్పుడు తృప్తి పడ్డాను. అది నా తప్పులో రెండో భాగం.

ఆ ఊళ్లో ఐదారు ఇళ్లు ఆ ఈతాకు మీద బతికేవని తర్వాత తెలిసింది. చాపలు, బుట్టలు, పొరకలు. ఒక గీత కుటుంబం ఉండేది. బిడ్డ పుడితే పడుకోబెట్టేదీ ఆ చాప మీదే, పెద్దవాళ్లు పోతే పడుకోబెట్టేదీ ఆ చాప మీదే. నా జాబితాలో ఆ గడి లేదు. చుట్టుకొలత గడి మాత్రం ఉంది.

చాలా ఏళ్లకు, రిటైరయ్యాక, ఒక పెళ్లికి ఆ ఊరు పోయాను. రోడ్డు బాగుంది. ఆ రోడ్డు మీదనే పోయాను, అది లేకుంటే బాగుండేదని నేను అనను. పెళ్లిలో ఒక యువ రైతు పక్కన కూర్చున్నాడు. వంక పక్క చేను వాళ్లదే. మూడు బోర్లు వేశాడట, మూడూ ఎండాయి. "మా తాత కాలంలో ఆడ చెలమ తవ్వితే నీళ్లు ఊరేవంట పెద్దాయనా, యాడనో మాకు తెల్దు. మీకేమన్నా గుర్తుందా?" అని అడిగాడు. నాకు గుర్తుంది, ఈతచెట్ల గుంపు దగ్గర. ఆ గుంపు ఎక్కడ ఉండేదో చూపించమన్నాడు. ఇద్దరం పోయాం. రోడ్డు, కల్వర్టు, సర్కారు తుమ్మ. నేను చెయ్యెత్తి ఇదిగో ఇక్కడ అని చూపించలేకపోయాను. గుర్తుగా ఉన్న చెట్లను జాబితాలో ఎక్కించింది నేనే.

ఈ సంగతి విన్న మా సైన్సు మాస్టారు నిజాయతీగా ఒక మాట అన్నారు. ఈతచెట్టు చూపించేది పైతడినే, వందల అడుగుల లోతుకు పోయిన బోరునీళ్లను కాదు, చెట్లు ఉండినా ఆ రైతు బోరు పండేదని చెప్పలేం అన్నారు. ఒప్పుకుంటున్నాను. చెట్లు కొట్టినందువల్లే నీళ్లు పోయాయని కూడా నేను అనను. నీళ్లు పోవడానికి మనం చేసిన పనులు చాలా ఉన్నాయి. కానీ పైతడి ఉన్న చోటు ఏదో చెప్పే గుర్తు ఒకటి ఉండేది. వాన నీటిని ఇంకించాలన్నా, చెక్‌డ్యాం కట్టాలన్నా, ముందు చూసుకోవలసిన చోటు అది. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ మన మండలం మీదుగా పోతోంది, రాగులపాడు దగ్గర నీళ్లు ఎత్తిపోస్తున్నారు. మంచిదే. కృష్ణా నీళ్లు వచ్చాయని మన వంకలను మరచిపోతే మాత్రం మళ్లీ 'విలువ లేనివి' అని రాసినట్టే.

ఇంకొక విచిత్రం చెబుతాను. ఆ రోజు విలువ లేదని నేను రాసిన చెట్టును ఈ రోజు నగరాల్లో డబ్బు పెట్టి కొంటున్నారు. ఈతకు పీచువేళ్లు కాబట్టి వేళ్ల చుట్టూ మట్టిగడ్డతో సహా పెకలించి ఇంకో చోట నాటితే బతుకుతుంది. పల్లెల నుంచి పెద్ద పెద్ద ఈతచెట్లు లారీలెక్కి కొత్త వెంచర్ల గేట్ల ముందుకు, హోటళ్ల ముందుకు పోతున్నాయి. అక్కడ వాటి పక్కన దీపాలు పెడతారు. చూడటానికి బాగానే ఉంటుంది. ఆకు కోసుకోవడానికి మాత్రం అక్కడికి ఏ అవ్వా పోలేదు.

కాబట్టి ఏది గొప్ప చెట్టు అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఎత్తు కొలంబియాకు ఇచ్చేస్తున్నాను, గింజ సీషెల్స్‌కు, పువ్వు శ్రీతాళానికి, అక్షరం తాటికి, గుడి టెంకాయకు. అన్నీ న్యాయంగా గెలిచినవే. ఈతచెట్టుకు మొదటి బహుమతి ఇమ్మని నేను అడగడం లేదు. జాబితాలో దాని ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా వదలవద్దని అడుగుతున్నాను.

దీనికి మనం చేయగలిగినది ఒకటుంది, ఖర్చు లేనిది. ఎండాకాలం చివర ఈతపండ్లు రాలినప్పుడు మన మనవళ్లు తిని ఉమ్మేసిన గింజలను ఒక డబ్బాలో పోగు చేద్దాం. మొదటి మంచి వాన పడ్డాక, ఈ ఊరి వంక వెంట, ఆ చేల రైతులను ముందు అడిగి, వాళ్లు సరేనన్న చోట గుచ్చుదాం. ఈతాకు పనిచేసేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే, ఎక్కడ గుచ్చితే వాళ్లకు అనువో వాళ్లనే అడుగుదాం. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంలో ఈత, తాటి మొక్కలు కూడా నాటించారు. ప్రభుత్వం చేసేదాకా ఆగాలని లేదు. గుచ్చిన వాటిలో కొన్నే మొలుస్తాయి. మొలిచినవి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మనలో చాలామంది ఆ పండు తినం. బర్లే మార్క్స్ కూడా ఆ పువ్వు చూడలేదు గదా.

ఆ చాప ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అంచులు రెండుసార్లు కుట్టించాం. ఈ రోజు మీ పిల్లలు ముందు వరుసలో కూర్చున్నది దాని మీదే. ఇంటికి పోయేటప్పుడు దాన్ని మరచిపోకుండా చుట్టి నా చేతికి ఇమ్మని వాళ్లను కోరుతున్నాను.

తగవు మాత్రం తేలలేదు. పండితుల వారు ఇప్పుడే చెయ్యెత్తుతున్నారు, తాటి తరఫున ఇంకేదో చెప్పాలట. ఆయనకు మైకు ఇచ్చి సెలవు తీసుకుంటున్నాను.